రోయింగ్ క్లబ్ ఎవరిది? ‘అమెచ్యూర్’ నిబంధన కట్టిన గోడ, ఆ గోడ కూలిన తీరు

నది ఒడ్డున ఉన్న ఏ రోయింగ్ (తెడ్లతో పడవ నడిపే ఆట) క్లబ్ స్థలానికైనా లీజు గడువు ముగిసే రోజులొస్తే దాదాపు ఒకే రకం గొడవ మొదలవుతుంది. ఇది డబ్బున్నవాళ్ల సరదా, ప్రజల స్థలం వాళ్ల చేతిలో ఎందుకు అని ఒక పక్షం అడుగుతుంది. బడి పిల్లలకు నేర్పుతున్నాం, నదిని రోజూ కనిపెట్టుకుని ఉంటున్నాం, మేం వెళ్లిపోతే రేవు పాడుబడుతుంది అని రెండో పక్షం అంటుంది. ఇద్దరూ చరిత్రనే సాక్ష్యంగా తెస్తారు. ఇద్దరు చెప్పే చరిత్రా నిజమే. అందుకే బయటి నుంచి వినేవాళ్లకు ఈ గొడవ ఒక పట్టాన అర్థం కాదు.

చిక్కంతా ‘అమెచ్యూర్’, అంటే జీవనోపాధి కోసం కాక ఇష్టం కొద్దీ ఆడేవాడు, అన్న ముద్రలో ఉంది. ఆ ముద్ర కింద ఒకప్పుడు రెండు వేర్వేరు షరతులను కలిపి కట్టేశారు. డబ్బు కోసం తెడ్డు వేయకూడదన్నది మొదటిది. కూలి పని చేసి బతికేవాడు అసలు పోటీకే రాకూడదన్నది రెండోది. మొదటి షరతు రూపం మార్చుకుని ఇప్పటికీ బతికే ఉంది. రెండోది పోవడానికి అరవై ఏళ్లకు దగ్గరగా పట్టింది. ఈ రెంటినీ విడదీసి చూస్తేనే క్లబ్బులకు సమాజంలో ఉన్న చోటేమిటో తెలుస్తుంది.

ముందు పడవల సంగతి

రోయింగ్‌లో కూర్చున్నవాళ్ల వీపు పడవ వెళ్లే దిక్కుకు ఉంటుంది. కాళ్లతో తన్ని, నడుము వెనక్కి వాల్చి, చివర్లో చేతులతో తెడ్డు లాగుతారు. సీటుకు చిన్న చక్రాలుంటాయి కాబట్టి అది ముందుకూ వెనక్కీ జారుతుంది. చూసేవాళ్లకు చేతుల ఆటలా కనిపిస్తుంది కానీ బలంలో ఎక్కువ భాగం తొడల నుంచే వస్తుంది. ఒక్కొక్కరు రెండు చేతులా రెండు తెడ్లు పట్టుకుంటే స్కలింగ్. రెండు చేతులూ కలిపి ఒకే పొడవాటి తెడ్డు లాగితే స్వీప్. ఒక్కరు నడిపే పడవ సింగిల్, ఇద్దరు స్కలింగ్ చేసేది డబుల్. నలుగురు, ఎనిమిది మంది ఎక్కే పడవలను ఫోర్, ఎయిట్ అంటారు.

ఎయిట్‌లో తొమ్మిదో మనిషి కాక్స్. తెడ్డు ముట్టకుండా చుక్కాని పట్టుకుని, లయ చెబుతూ, ముందేముందో చూసే మనిషి. మిగతా ఎనిమిది మందీ తమకు కనిపించని దారిలో, కాక్స్ మాట మీదే నమ్మకం పెట్టి బలమంతా వాడతారు.

ఎయిట్ పొడవు దాదాపు 18 మీటర్లు. అంతర్జాతీయ పోటీలకు కనీసం 96 కిలోల బరువుండాలి. అంటే ఎనిమిది మంది కలిసి ఎత్తితే తలా పన్నెండు కిలోలు. మోయడం కష్టం కాదు, తిప్పడమే కష్టం. షెడ్డులోంచి బయటికి తెచ్చేటప్పుడు ఒక్కరు తొందరపడినా పక్క పడవల రిగ్గర్లకు (తెడ్డు ఆనడానికి పడవ పక్కకు పొడుచుకొచ్చే చట్రాలు) తగిలి పల్చటి ఒళ్లు చీరుకుపోతుంది. అందుకే కొత్తగా చేరినవాళ్లకు చాలాచోట్ల నీళ్లలోకి దిగకముందే పడవ ఎత్తడం, దించడం నేర్పుతారు. సీట్లో కూర్చున్నాక బూట్ల మడమలకు కట్టిన తాడు సరిగ్గా ఉందో లేదో చూసుకోమంటారు. పడవ తిరగబడితే పాదాలు సులువుగా బయటికి రావడానికే ఆ తాడు. పడవ ముక్కుకు రబ్బరు బంతి ఉంటుంది, ఎవరినైనా గుద్దుకుంటే పొడుచుకోకుండా. క్లబ్‌లో మొదటి పాఠాలు ఇలాంటివే.

తెడ్డు పట్టి బతికినవాళ్లే మొదటి పందెగాళ్లు

లండన్‌లో థేమ్స్ నదికి వంతెనలు తక్కువున్న రోజుల్లో జనాన్ని అటూ ఇటూ దాటించింది పడవవాళ్లే. వాళ్ల వృత్తిని నియంత్రించడానికి 1555లోనే పార్లమెంటు చట్టం చేసింది. 1715లో థామస్ డాగెట్ అనే ఐరిష్ నటుడు, అప్రెంటిస్‌షిప్ అప్పుడే పూర్తి చేసిన కుర్ర పడవవాళ్ల కోసం ఒక పందెం పెట్టాడు. లండన్ బ్రిడ్జి నుంచి చెల్సీ దాకా, దాదాపు ఏడున్నర కిలోమీటర్లు. గెలిచినవాడికి ఎర్ర కోటు, వెండి బిళ్ల. ఆ పందెం ఇప్పటికీ జరుగుతోంది.

అంటే ఈ ఆట మొదలైంది కష్టజీవుల దగ్గర. 19వ శతాబ్దం నడుమకు వచ్చేసరికి వాళ్లలో కొందరు జనం ఆరాధించే వీరులయ్యారు. న్యూకాజిల్ దగ్గర టైన్ నది మీద హ్యారీ క్లాస్పర్ స్వయంగా పడవలు కట్టేవాడు, వాటి మీద తనే పందేలు గెలిచేవాడు. తెడ్డు ఆనే కొక్కేన్ని పడవ అంచు మీంచి బయటికి జరిపే ఔట్‌రిగ్గర్‌ను మెరుగుపరిచినవాళ్లలో అతనిది పెద్ద చేయి. ఆ మార్పు వల్ల పడవను సన్నగా చేయడానికి వీలైంది, తెడ్డుకు పట్టూ పెరిగింది. 1870లో అతను చనిపోతే అంతిమయాత్రకు లక్షకు పైగా జనం వచ్చారని అప్పటి అంచనా. మరుసటి ఏడాదే అదే నది నుంచి వచ్చిన ప్రపంచ చాంపియన్ జేమ్స్ రెన్‌ఫోర్త్, కెనడాలో కెనెబెకాసిస్ నది మీద పందెం మధ్యలో కుప్పకూలి చనిపోయాడు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. అక్కడి పల్లెకు అతని పేరే పెట్టుకున్నారు.

ఈ పందేల చుట్టూ పెద్ద ఎత్తున డబ్బు తిరిగేది. రోయర్లకు పందెం సొమ్ము, ఒడ్డున చూసేవాళ్లకు బెట్టింగ్. బెట్టింగ్ ఉన్నచోట కావాలని ఓడిపోవడం, ఎదుటి పడవకు అడ్డుపడటం కూడా వచ్చాయి. ఈ సంగతి ముందుకు వెళ్లేకొద్దీ అవసరమవుతుంది.

క్లబ్బులు పుట్టిన తీరు

వృత్తివాళ్లు ఇలా పోటీ పడుతుండగానే ఇంకో వర్గం తెడ్డు పట్టింది. లండన్‌లో పుట్టిన లియాండర్ క్లబ్ తన పుట్టుకను 1818గా చెప్పుకుంటుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థులు 1829 జూన్‌లో థేమ్స్ ఒడ్డునున్న హెన్లీ ఊరి దగ్గర మొదటిసారి తలపడ్డారు, ఆక్స్‌ఫర్డ్ గెలిచింది. ‘బోట్ రేస్’ అనే పందెం ఇదే. పదేళ్ల తర్వాత అదే ఊళ్లో హెన్లీ రెగట్టా (పడవ పందేల పండుగ) మొదలైంది. జర్మనీలో అందరికంటే పాత రోయింగ్ క్లబ్ 1836లో హాంబర్గ్‌లో, అమెరికాలో డెట్రాయిట్ బోట్ క్లబ్ 1839లో పుట్టాయి. వలస పాలకులైన ఆంగ్లేయులు తమ కోసం కలకత్తాలో 1858లో, మద్రాసులో 1867లో ఇలాంటి క్లబ్బులే పెట్టుకున్నారు.

క్లబ్ ఎందుకు అవసరమైందంటే, ఎయిట్‌ను ఒక్కడు కొని ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకుంటాడు? పడవకు షెడ్డు కావాలి, షెడ్డుకు నది ఒడ్డు కావాలి, పడవకు ఇంకో ఏడుగురు, కాక్స్ కావాలి. చందాలు పోగేసి ఉమ్మడిగా కొనుక్కోవడం, వంతులవారీగా వాడుకోవడం తప్ప దారి లేదు. టెన్నిస్ ఆడేవాళ్లకు క్లబ్ ఒక సౌకర్యం అయితే కావచ్చు. పెద్ద పడవల రోయింగ్‌కు మాత్రం క్లబ్ లేకపోతే ఆటే లేదు.

ఫిలడెల్ఫియా ఉదాహరణ నాకు చాలా ఇష్టం. అక్కడ షూయల్‌కిల్ నది మీద 1820ల మొదట్లో తాగునీటి పథకం కోసం ఆనకట్ట కట్టారు. దాని వెనక నీళ్లు నిలిచి, మైళ్ల కొద్దీ నిమ్మళమైన మడుగు ఏర్పడింది. ఆ మడుగు ఒడ్డునే క్లబ్బులు ఒక్కొక్కటిగా వెలిశాయి. 1858లో అవన్నీ కలిసి ‘షూయల్‌కిల్ నేవీ’గా ఏర్పడ్డాయి. అమెరికాలో అమెచ్యూర్ క్రీడల సంఘాల్లో ఇదే పాతదంటారు. బోట్‌హౌస్ రో అనే ఆ వరస ఇప్పటికీ నగరం పార్కులోనే ఉంది. అదే ఆనకట్ట వల్ల మేట వేసింది, పూడిక తీయక తప్పలేదు. ఆట ఇచ్చిన కట్టడమే ఆటకు ఖర్చూ తెచ్చిపెట్టింది.

కూలి చేసినవాడు పనికిరాడన్న రూలు

ఇంగ్లండ్‌లో 1878, 1879ల్లో ఎవరు అమెచ్యూర్ అన్నది రాతపూర్వకంగా తేల్చారు. 1879లో హెన్లీ నిర్వాహకులు పెట్టిన రూలులో ఎవరు అమెచ్యూర్ కారో వరసగా ఉంటుంది. డబ్బు పందెంలో పాల్గొన్నవాడు, ప్రొఫెషనల్‌తో బహుమతి కోసం పోటీ పడ్డవాడు, వ్యాయామం నేర్పి జీవనం సాగించినవాడు, పడవల పనిలో జీతానికి ఉన్నవాడు, ఇలా సాగుతుంది. ఇంతవరకూ డబ్బుకూ ఆటకూ సంబంధించిన షరతులే. చివరన ఇంకొకటి చేర్చారు. మెకానిక్‌గానో, చేతివృత్తి పనివాడిగానో, కూలీగానో జీతానికి పనిచేసే, లేదా ఎప్పుడైనా పనిచేసిన మనిషి కూడా అమెచ్యూర్ కాడు.

1882లో ఏర్పడిన అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ ఇదే దారి పట్టింది. నాలుగేళ్లకు ‘ఊడిగం పనులు’ చేసేవాళ్లను కూడా ఆ జాబితాలోకి ఎక్కించింది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇద్దరు స్నేహితులు, ఇద్దరికీ పాతికేళ్లు, ఇద్దరూ రోయింగ్ కొత్తగా నేర్చుకున్నారు, ఇద్దరిలో ఎవరూ ఒక్క పైసా పందెం ముట్టలేదు. ఒకడు వకీలు, రెండోవాడు వడ్రంగి. ఆ రూలు ప్రకారం వకీలు అమెచ్యూర్, వడ్రంగి కాదు. వడ్రంగి రేపు ఆ పని మానేసి గుమాస్తాగా చేరినా లాభం లేదు, ఎందుకంటే రూలులో ‘ఎప్పుడైనా చేసిన’ అన్న మాట ఉంది.

దీన్ని సమర్థించినవాళ్లు ఏమన్నారు

ఆ కాలం వాళ్ల వాదనను కొట్టిపారేయకుండా వినాలి. రోజంతా తెడ్డు వేసేవాడికీ, సాయంత్రం ఆఫీసు అయ్యాక గంటసేపు వేసేవాడికీ పోటీ పెడితే అది సమానుల పోటీ కాదన్నారు. దాన్ని ఒప్పుకోవచ్చు. శరీర కష్టం చేసేవాళ్లకు కండబలం సహజంగానే ఎక్కువని కూడా అన్నారు. డబ్బు పందేలు ఆటను పాడు చేస్తున్నాయన్న మూడో మాట అబద్ధం కాదు. ప్రొఫెషనల్ రోయింగ్ ఆ శతాబ్దం చివరికి కుంటుపడటంలో బెట్టింగ్ కుంభకోణాల పాత్ర ఉంది.

ఎదురు వాదన ఇంకా సూటిగా ఉంటుంది. వృత్తి వల్ల వచ్చే లాభమే అసలు భయమైతే పడవవాళ్లను ఆపితే చాలు. దర్జీని ఎందుకు ఆపాలి? పందెం సొమ్మే అసలు బెడదైతే పందెం ఆడినవాళ్లను ఆపితే చాలు. జీవితంలో ఎప్పుడూ పందెం ఆడని వడ్రంగి చేసిన నేరమేమిటి?

1890లో ఈ ప్రశ్నకు జవాబు మాటల్లో కాకుండా సంస్థ రూపంలో వచ్చింది. నేషనల్ అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ అని ఇంకో సంఘం పెట్టారు. డబ్బు కోసం ఆడేవాళ్లకు అక్కడా చోటు లేదు, శ్రమజీవులకు మాత్రం తలుపులు తెరిచారు. దాని వెనక గట్టిగా నిలబడినవాళ్లలో ఫ్రెడరిక్ ఫర్నివాల్ ఒకరు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువుకు పునాది వేసినవాళ్లలో ఒకరైన పండితుడు, లండన్‌లో కార్మికుల కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి.

నా దృష్టిలో వాదన అక్కడే తేలిపోయింది. పందెం సొమ్మును దూరం పెట్టడానికి కార్మికులను దూరం పెట్టనక్కర్లేదని ఆ సంఘం నడిచి చూపించింది. అయినా ఇంగ్లండ్ రోయింగ్ చాలా ఏళ్లు రెండుగా చీలే ఉంది. ఒకే నది మీద, ఒకే రకం పడవల్లో తెడ్డు వేస్తూ కూడా ఒక సంఘం వాళ్లు రెండో సంఘం వాళ్లతో పోటీ పడలేకపోయారు.

తాపీ మేస్త్రీ, పోలీసులు

జాన్ బి. కెల్లీ ఫిలడెల్ఫియా మనిషి, తాపీ పని చేసి పైకొచ్చినవాడు. 1920లో హెన్లీలో సింగిల్స్ పోటీకి దరఖాస్తు పెడితే తిరస్కరించారు. దీన్ని మేస్త్రీని అవమానించిన కథగానే చాలామంది చెబుతారు. రికార్డులో రెండు కారణాలున్నాయి. అతని వెస్పర్ క్లబ్ మీద 1906 నుంచే నిషేధం ఉంది, ఆ క్లబ్ జట్టు 1905లో ఇంగ్లండ్ రావడానికి డబ్బు సమకూర్చుకున్న తీరు అమెచ్యూర్ రూళ్లకు విరుద్ధమని. దానికి తోడు కెల్లీ చేతి పని చేసినవాడు కాబట్టి అర్హుడు కాడని కూడా రాశారు. మొదటి కారణం ఒక్కటే సరిపోయేది. రెండోది కూడా రాసుకోవడమే ఆనాటి మనసును బయటపెడుతుంది.

అదే ఏడాది ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో కెల్లీ బ్రిటన్‌కు చెందిన జాక్ బెరెస్‌ఫర్డ్‌ను ఓడించి సింగిల్స్ స్వర్ణం గెలిచాడు. కొద్దిసేపటికే బంధువు పాల్ కాస్టెల్లోతో కలిసి డబుల్స్ స్వర్ణం కూడా గెలిచాడు. 1947లో అతని కొడుకు హెన్లీలో ఆ పోటీనే గెలిచాడు. సినిమా తార గ్రేస్ కెల్లీ ఈ మేస్త్రీ కూతురే.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కు వెళ్తున్న ఆస్ట్రేలియా ఎయిట్ హెన్లీలో పోటీ చేయాలనుకుంది. జట్టులో ఉన్నది సిడ్నీ పోలీసులు. వాళ్లు చేతి పని వర్గం కిందికే వస్తారని రానివ్వలేదు. ఒక దేశం ఒలింపిక్ జట్టుకే ఈ గతి పట్టేసరికి గోల పెద్దదైంది. మరుసటి ఏడాది 1937లో హెన్లీ ఆ షరతును తీసేసింది. రెండు సంఘాలు ఒక్కటి కావడానికి మాత్రం 1956 దాకా పట్టింది.

ఆడవాళ్లకు ఇంకో గోడ

కార్మికుల మీద రాసినట్టు ఆడవాళ్ల మీద పెద్ద రూలు రాయాల్సిన పని కూడా చాలా క్లబ్బులకు పడలేదు. రానివ్వకపోతే సరిపోయింది. అందుకే వాళ్లు సొంత క్లబ్బులు పెట్టుకున్నారు. అమెరికాలో శాన్ డియాగోలో 1892లో నలుగురు అమ్మాయిలు తమ పేర్ల మొదటి అక్షరాలు కలిపి ‘జీలాక్’ (ZLAC) క్లబ్ పెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది. 1896లో ఫర్నివాల్ గారే లండన్‌లో హ్యామర్‌స్మిత్ దగ్గర అమ్మాయిల కోసం స్కలింగ్ క్లబ్ ప్రారంభించారు. కొన్నేళ్లకు అందులోకి మగవాళ్లను కూడా చేర్చుకున్నారు.

1927లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మహిళలు మొదటిసారి పోటీ పడ్డప్పుడు రెండు పడవలను పక్కపక్కన పోనివ్వలేదు. విడివిడిగా నడిపించి వేగానికీ శైలికీ మార్కులు వేశారు. ఒలింపిక్స్‌లో మహిళల రోయింగ్ 1976లో మాంట్రియల్‌లో మొదలైంది. లియాండర్ క్లబ్ మహిళలను సభ్యులుగా తీసుకున్నది 1998లో. మగ జట్లు తెడ్డు వేసే లండన్ దారిలోనే, అదే రోజున మహిళల బోట్ రేస్ పెట్టింది 2015లో.

ఇప్పుడు చట్టం ఏం చూస్తుంది

నేటి క్లబ్‌కు పాత రూలుతో పనిలేదు. ఇప్పుడు అడిగేది సభ్యుడు ఏ పని చేస్తాడని కాదు, క్లబ్ డబ్బు ఎవరి జేబులోకి పోతుందని. బ్రిటన్‌లో 2002 నుంచి ‘కమ్యూనిటీ అమెచ్యూర్ స్పోర్ట్స్ క్లబ్’ పేరుతో ఒక గుర్తింపు ఉంది. అది ఉన్న క్లబ్‌కు భవనం మీద కట్టే స్థానిక పన్నులో 80 శాతం మాఫీ, విరాళాల మీద పన్ను లాభం. బదులుగా షరతులున్నాయి. మిగులు సొమ్ము సభ్యులు పంచుకోకూడదు. క్లబ్ మూతపడితే ఆస్తి సభ్యులకు దక్కదు, అలాంటి ఇంకో క్లబ్‌కో, ధర్మసంస్థకో, ఆ క్రీడా సంఘానికో పోవాలి. సభ్యత్వం ఊళ్లో అందరికీ తెరిచి ఉండాలి.

తెరిచి ఉండటమంటే ఏమిటో కూడా అంకెల్లో పెట్టారు. 2015 నిబంధనల ప్రకారం ఆ ఆటలో పాల్గొనడానికి మనిషికయ్యే ఖర్చు ఏడాదికి 520 పౌండ్లు దాటితే, అంత పెట్టలేనివాళ్లకు క్లబ్ ఏదో ఒక వెసులుబాటు చూపాలి. సభ్యత్వ చందాయే 1,612 పౌండ్లు దాటితే గుర్తింపే ఉండదు. ఉదాహరణకు ఒక క్లబ్ చందా 400 పౌండ్లు, ఆటకు తప్పనిసరైన మిగతా ఖర్చు 200 పౌండ్లు అనుకోండి. మొత్తం 600. గుర్తింపుకు ఢోకా లేదు, కానీ రాయితీ సభ్యత్వం లాంటిది పెట్టకుండా ‘మా తలుపు తెరిచే ఉంది’ అంటే చట్టం ఒప్పుకోదు.

జీతానికి కోచ్‌ను పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోవచ్చు. 1879లో అమెచ్యూర్ హోదా పోగొట్టే పని, వ్యాయామం నేర్పి బతకడం, ఇప్పుడు ఎన్నో అమెచ్యూర్ క్లబ్బుల్లో మామూలు ఉద్యోగం.

‘సీట్లు లేవు’ అంటే సాకా, నిజమా?

కొత్తవాళ్లను వెయిటింగ్ లిస్టులో పెడితే కావాలనే ఆపుతున్నారని అనుమానం వస్తుంది. కొన్నిచోట్ల అది నిజం కావచ్చు. లెక్క వేసి చూస్తే చాలాసార్లు కారణం ఇంకోటి కనిపిస్తుంది.

ఒక చిన్న క్లబ్ ఊహించుకోండి. ఒక ఎయిట్, కాక్స్ ఉండే రెండు ఫోర్‌లు, రెండు డబుల్స్, మూడు సింగిల్స్. తెడ్డు వేసే సీట్లు 8, 8, 4, 3, మొత్తం 23. శనివారం పొద్దున నేర్చుకోవడానికి 20 మంది కొత్తవాళ్లు వచ్చారు. సన్నటి సింగిల్, డబుల్ వాళ్లకు ఇస్తే నిమిషంలో నీళ్లలో ఉంటారు. కాబట్టి ఎయిట్, ఫోర్‌లలో ఉన్న 16 సీట్లే దిక్కు, నలుగురు ఒడ్డునే ఆగాలి. ఎయిట్ ఎక్కిన ఎనిమిది మంది కూడా అందరూ ఒకేసారి తెడ్డు వేయలేరు. నలుగురు తెడ్లను నీటి మీద బల్లపరుపుగా పెట్టి పడవ ఒరగకుండా పట్టుకుంటే మిగతా నలుగురు లాగుతారు, తర్వాత వంతు మారుతుంది. మూడు పడవలకు ముగ్గురు కాక్స్‌లు, పక్కన మోటారు పడవలు నడిపేవాళ్లు ఇద్దరు, ఒడ్డున ఒకరు. పదహారు మందికి ఆరుగురు, వాళ్లంతా జీతం లేకుండా సెలవు రోజు పొద్దున్నే వచ్చినవాళ్లు. ఆ రెండు గంటలు పాత సభ్యులకు మిగిలేది ఏడు సీట్లు.

ఇందులో ముందు కరువయ్యేది చాలాసార్లు పడవలు కాదు, కాక్స్‌లు. అందుకే ఒక క్లబ్ నిజంగా కొత్తవాళ్లను కోరుకుంటోందా అని తెలియాలంటే కొత్త పడవల ఫొటోలు చూస్తే చాలదు. ఈ ఏడాది ఎంతమందికి కాక్స్ పని నేర్పారు, పొద్దున షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు సాయంత్రం సెషన్ ఉందా, ఈత రానివాళ్లను తిప్పి పంపేస్తున్నారా, నేర్పించి తీసుకుంటున్నారా అని అడగాలి. రూలు బుక్కులోంచి కూలివాళ్ల మాట చెరిపేసినా, తీరిక, ఈత, చందా అనే మూడు గోడలు మిగిలే ఉన్నాయి.

ఊరికి దక్కేది

ఫోర్‌లో ఒకరు రాకపోతే మిగతా ముగ్గురూ, కాక్సూ షెడ్డు ముందు నిలబడిపోతారు. జిమ్‌లో ఇలా జరగదు. ఈ ఒక్క ఇబ్బంది మీదే క్లబ్‌లోని స్నేహాలు కట్టుకుని ఉంటాయి. ఫలానా మనిషి రెండు వారాలుగా రాలేదంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి తీరతారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఆ ఫోన్ విలువ ఎంతో చెప్పనక్కర్లేదు.

వయసు తేడాలున్నవాళ్లు ఒకే పడవలో పోటీ చేయడానికి కూడా దారి ఉంది. 27 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్ల మాస్టర్స్ పోటీల్లో జట్టు సగటు వయసును బట్టి తరగతి నిర్ణయిస్తారు. సగటు 27 ఉంటే ఎ, 36కి బి, 43కి సి, 50కి డి, 55కి ఇ, అలా పైకి. 34, 48, 61, 65 ఏళ్ల నలుగురు ఫోర్ ఎక్కితే మొత్తం 208, సగటు 52, తరగతి డి. కాక్స్ వయసు లెక్కలోకి రాదు, పదిహేనేళ్ల మనవరాలు చుక్కాని పట్టినా తరగతి మారదు.

అంగవైకల్యం ఉన్నవాళ్ల పారా రోయింగ్ 2008లో బీజింగ్ పారాలింపిక్స్‌లో చేరింది. చేతులూ భుజాలూ మాత్రమే వాడగలిగేవాళ్లకు జారని సీటు, ఛాతీకి పట్టీ, పడవ ఒరగకుండా రెండు పక్కలా తేలే గుండ్లు ఉంటాయి. పరికరం ఖరీదైనదే. అంతకంటే ముందు క్లబ్‌లో వీల్‌చైర్ నీటి అంచు దాకా వెళ్లే ర్యాంపు ఉండాలి. పాత భవనాల్లో చాలావాటికి మెట్లే ఉన్నాయి, లీజు మాట్లాడే అధికారులు ముందుగా అడగాల్సిన వాటిలో ఇదొకటి.

నది సంగతి వేరే చెప్పాలి. 2024లో లండన్ బోట్ రేస్ ముందు థేమ్స్ నీటిలో ఇ. కోలి బ్యాక్టీరియా ఎక్కువగా ఉందని పరీక్షల్లో తేలి అందరి నోటా అదే మాట అయింది. గాయాలు కప్పుకోవాలని, గెలిచాక కాక్స్‌ను నీళ్లలోకి విసిరే ఆనవాయితీ వద్దని జట్లకు చెప్పారు. ఆ రోజు టీవీ కెమెరాలున్నాయి కాబట్టి ప్రపంచానికి తెలిసింది. మిగతా రోజుల్లో నీటి రంగు మారడం, వాసన రావడం, చేపలు తేలడం ముందు కనిపెట్టేది పొద్దున్నే నీటి మీద ఉండేవాళ్లు. కొన్ని క్లబ్బులు నీటి నమూనాలు తీసి ఇస్తున్నాయి. చేపలు పట్టేవాళ్లు, ఒడ్డున నడిచేవాళ్లు అప్పుడప్పుడు రోయర్ల మోటారు పడవల అలల మీద ఫిర్యాదు చేస్తుంటారు. అది న్యాయమైన ఫిర్యాదే. నది అందరిదన్నప్పుడు ఒకే ఆటకు పొద్దుటి నీళ్లు మొత్తం రాసివ్వలేం.

లీజు ఇచ్చేవాళ్ల చేతిలో ఒక మంచి సాధనం ఉంది. ఒడ్డు స్థలాన్ని మామూలు అద్దెకు ఇస్తే క్లబ్ ఎలా నడుపుకుంటుందన్నది దాని ఇష్టం. తక్కువ అద్దెకు ఇస్తే బదులుగా ఏం కావాలో ఒప్పందంలోనే రాసుకోవచ్చు: ఏడాదికి ఇన్ని బడులకు సెషన్లు, ఇన్ని రాయితీ సభ్యత్వాలు, ర్యాంపు, ఇతరులకు రేవు తెరిచి ఉంచే గంటలు. అప్పుడు ఐదేళ్లకో పదేళ్లకో లీజు మళ్లీ బల్ల మీదికి వచ్చినప్పుడు ఇరుపక్షాలూ 1879 గురించి వాదించుకోనక్కర్లేదు. సెషన్ల రిజిస్టరు తెరిచి, ఎవరెవరు పడవ ఎక్కారో చూసుకోవచ్చు.